సెలవులకొచ్చిన పిల్ల

ఆ ఎండాకాలం మా ఇంటి వీధి తలుపుకు పట్టపగలు కూడా గడియ పడింది. అంతకు ముందు ఆ తలుపు పొద్దున ఐదింటికి తెరిస్తే నాయన అంగడి కట్టేసి వచ్చాకే మూసేవాళ్లం. ఆత్మకూరులో మా వీధి వీధంతా అంతే. ఎవరింట్లోకి ఎవరైనా చెప్పులు విప్పి నేరుగా వచ్చేస్తారు. మే నెల మూడోవారంలో ఒక మధ్యాహ్నం నాయన అన్నానికి వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా, వెనక్కి తిరిగి తానే గడియ పెట్టాడు.

"రజిని యాడుండాది?" అన్నాడు.

రజిని వసారాలో గోనెపట్టా మీద కూర్చుని విస్తళ్లు కుడుతోంది. తల ఎత్తి చూసి, తననేదో అంటారనుకుని చేతిలో ఆకు వెనక్కి దాచుకుంది.

మా నాయన పెంచలనరసింహానికి విస్తళ్ల టోకు వ్యాపారం. ఉదయగిరి కొండల వైపు నుంచి మోదుగాకు మూటలు బస్సు మీద వచ్చేవి. ఆకును తడిగోనెలో మాగబెట్టి, చీపురుపుల్ల ముక్కలతో కుట్టి, బండరాయి కింద అణిచి కట్టలు కట్టాలి. కాగితం పళ్లేలు వచ్చాక ఈ వ్యాపారం పోతుందన్నారు గానీ, పెళ్లిళ్ల రోజుల్లో గిరాకీ తగ్గలేదు. ఏ.ఎస్.పేట దర్గా దగ్గరి హోటళ్లవాళ్లు కూడా అడిగి తీసుకుపోయేవాళ్లు.

రజినికి పదకొండేళ్లు. ఉదయగిరి దారిలో చెరువు కట్ట కింద పది గుడిసెల పల్లె వాళ్లది. వాళ్ల నాయన మస్తానయ్య చెరువులో చేపలు పట్టేవాడు. నీళ్లు అడుగంటితే కొండకు పోయి ఆకు కోసి మాకు తెచ్చేవాడు. కిందటి దసరాకు ఆకు మూటతో పాటు కూతుర్ని కూడా తెచ్చి దించాడు. "తల్లి లేని పిల్ల. మీ ఇంట్లో రెండు ముద్దలు తిని మీరు చెప్పిన పని చేసుకుంటది" అన్నాడు. మేమూ అట్లాగే అనుకున్నాం. పిల్లను పనిలో పెట్టుకున్నామని మా ఇంట్లో ఎవరం అనుకోలేదు. పొద్దున వాకిలి చిమ్మడం, అంట్లు, అవ్వకు కాళ్లు పిసకడం, తక్కిన పొద్దంతా విస్తళ్లు. ఎవరడిగినా అమ్మ "మా ఇంట్లో పిల్ల" అని చెప్పేది.

"నెల్లూరు నుంచి లేబరోళ్లు దిగినారంట" అన్నాడు నాయన పీట మీద కూర్చుంటూ. "వచ్చే నెలంతా చెకింగంట. నిన్న బస్టాండు కాడ హోటల్లో ఇద్దరు పిల్లోళ్లని జీపెక్కించుకొని పొయినారు. ఓనరు మీద కేసు."

"పిల్లోళ్లకి అన్నం పెట్టినా కేసేందిరా?" అంది అవ్వ.

"పద్నాలుగేళ్ల లోపుంటే కేసే అవ్వా. ఫైను యాభై వేల దాకా. జైలు గూడా" అన్నాడు తమ్ముడు మోహన్‌కృష్ణ ఫోన్లో చూస్తూ.

"నువ్వు చదివి చెప్పబాక. అన్నం దిగదు ఆయనకి" అంది అమ్మ. "రేపే వాళ్లూరికి పంపించేద్దాం."

నాయన కలిపిన ముద్దను కంచంలోనే వదిలేశాడు. "దార్లో బస్సులో పట్టుకుంటే? ఎవురింట్లో నుంచి వస్తా ఉండావంటే మన పేరే గదా చెప్పేది. పైగా ఈ పదైదు రోజుల్లో తొమ్మిది పెళ్లిళ్లకి మాటిచ్చి ఉండా." తర్వాత నా వైపు చూశాడు. "సెలవులకొచ్చింది. అనూ కాడ ట్యూషన్ చెప్పించుకుంటా ఉండాది. అంతే. ఎవురొచ్చినా అదే మాట."

నేను పదో తరగతి దాకా మర్రిపాడు మండలంలో మా ఊరి బడిలో చదువుకున్నాను. అంగడి కోసం ఆత్మకూరు వచ్చాక ఇంటర్ పూర్తి చేసి ఇంట్లో ఉన్నాను. మా ఇంట్లో తక్కువ మాట్లాడేది నేనే. అందుకని దాచాల్సిన పనులన్నీ నా చేతికే వచ్చేవి.

ట్యూషన్‌కు రుజువుగా చూపే నోటుబుక్కు రెండు మధ్యాహ్నాల్లో తయారయింది. ఏప్రిల్ ఇరవై ఐదు నుంచి రోజుకొక పేజీ. పైన తేదీ నేను వేసేదాన్ని, కింద రజిని అక్షరాలు రాసేది, నేను ఎర్రసిరాతో టిక్కు పెట్టేదాన్ని. ఒకే పెన్నుతో రాస్తే తెలిసిపోతుందని మోహన్ మూడు రకాల పెన్నులు తెచ్చాడు. అట్ట కొత్తగా కనబడుతోందని అవ్వ దాన్ని గచ్చుకేసి రుద్దింది. రజిని వాళ్ల ఊళ్లో మూడో తరగతి దాకా పోయిందట. పేరు రాయగలదు, అంకెలు వచ్చు, గుణింతాలు మరిచిపోయింది. నాలుక కొంచెం బయటపెట్టి, విస్తరికి పుల్ల గుచ్చినంత జాగ్రత్తగా రాసేది.

"ఇది ఏప్రిల్ అని ఏసినావేందక్కా? ఇప్పుడు మే గదా."

"రాయి."

"ఏప్రిల్లో నేను రాయలేదే. బాగా గుర్తుండాది. పెళ్లోళ్లకి ఐదొందల విస్తళ్లు కుట్టినా, వేలు గూడా వాచింది."

"అదే చెప్పగూడదు."

మూడోరోజు మోహన్ నాయన కళ్లద్దాలు పెట్టుకుని ఆఫీసరయ్యాడు. రజినిని ఎదురుగా నిలబెట్టి అడిగాడు.

"పేరేంది?"

"రజిని."

"ఈడేం చేస్తా ఉండావు?"

"సెలవులకొచ్చినా సార్. అక్క కాడ సదువుకుంటా ఉండా."

"అంట్లు తోముతావా?"

"తోమను." తన వేళ్లు చూసుకుంది. "బాగా తోముతా గానీ, తోమను."

మోహన్ పడీ పడీ నవ్వాడు. రజినికి కూడా నవ్వొచ్చింది. అవ్వ మాత్రం నవ్వలేదు. "ఈ పిల్ల నోరు నమ్మేదానికి లేదురా" అంది.

ఆ సాయంత్రం నాయన నన్ను పక్కకు పిలిచాడు. "పని చేసినానని నోరు జారితే వాళ్ల నాయన్ని జైల్లో ఏస్తారని చెప్పు. ఇంక తెరవదు."

చెప్పాను. పెరట్లో పంపు దగ్గర, అది అంట్లు కడుగుతుంటే, పక్కన కూర్చుని చెప్పాను.

"యాడ జైల్లో?" అంది రజిని.

"నెల్లూర్లో."

"ఎన్నాళ్లు?"

నాకు తెలియదు. "చానాళ్లు" అన్నాను.

అది కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది. ఆ రోజు నుంచి మోహన్ ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా ఒక్క తప్పూ చెప్పలేదు.

గడియ పెట్టుకున్నాక మేం జనాన్ని చూసే తీరే మారిపోయింది. మీటరు రీడింగుకు వచ్చినతను వసారా వైపు రెండుసార్లు చూశాడని అమ్మ అంది. మూటలు తెచ్చే ఆటో డ్రైవరు ఫోన్ ఎత్తి ఏదో ఫోటో తీశాడని మోహన్ అన్నాడు. వీధి చివర ఆగిన బండ్ల నంబర్లు వాడు ఒక కాగితం మీద రాసుకునేవాడు. నేనూ వంటింటి కిటికీ దగ్గర బియ్యం ఏరుతున్నట్టు కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూసేదాన్ని. ఒక మనిషిని పదిసార్లు చూస్తే ఆ మనిషి ఏదో దాస్తున్నట్టే అనిపిస్తుంది.

అందరికంటే ఎక్కువగా మేం చూసింది లిదియమ్మ టీచర్ని. ఆమె మా మేడ మీద గదిలో రెండేళ్లుగా అద్దెకుండేది. ఒక్కతే. ప్రాథమిక పాఠశాలలో పని. మెట్లు మా వసారా పక్కనుంచే కాబట్టి దిగినప్పుడల్లా రజినిని పలకరించకుండా పోయేది కాదు.

"అమ్మే, జూన్ పన్నెండున బడి తెరుస్తారు. ఈడ చేరతావా, మీ ఊరికి పోతావా?" అని ఒకరోజు అడిగింది.

రజిని నా ముఖంలోకి చూసింది. నేనేమీ అనకముందే అమ్మ లోపలి నుంచి, "సెలవులకొచ్చింది టీచరమ్మా! పోతాది వాళ్లూరికి!" అని గట్టిగా అంది.

"దసరా సెలవులకా?" అంది లిదియమ్మ నవ్వుతూ. వెళ్లిపోయింది.

ఆ ఒక్క మాట మా ఇంట్లో మూడురోజులు నలిగింది.

వాళ్లు జూన్ మొదటివారంలో, మంగళవారం పొద్దున వచ్చారు. ముగ్గురు. ముందు వచ్చినామె పేరు భారతి, కార్మిక శాఖ అధికారి. వెనక పిల్లల హెల్ప్‌లైన్ నుంచి వచ్చిన అమ్మాయి, ఒక కానిస్టేబులు. తలుపు తట్టినప్పటి నుంచి అమ్మ గడియ తీసేలోపు ఆకు మూటల మీద దుప్పటి కప్పడం, రజిని చేతికి నోటుబుక్కు ఇవ్వడం అయిపోయాయి. కబురు పోగానే నాయన అంగడి నుంచి చెమటలు కక్కుతూ వచ్చాడు.

రజిని బాగా చెప్పింది. మోహన్ దగ్గర చెప్పినదానికంటే బాగా చెప్పింది. భారతి నోటుబుక్కు తిరగేసి, "దస్తూరీ బాగుందే" అంది. రజిని సిగ్గుపడింది కూడా. నాయన ముఖం కొంచెం తేటపడింది. అమ్మకు ఊపిరి వచ్చి, ఎండనపడి వచ్చారంటూ పళ్లెంలో మంచినీళ్లు తెచ్చింది. ముగ్గురికీ ఇచ్చి, ఆ ఊపులోనే నాలుగో గ్లాసు రజిని చేతికి ఇచ్చింది.

"తాగమ్మా, నువ్వు గూడా" అంది.

రజిని ఆ స్టీలు గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. లేచింది. మా మధ్య నుంచి ఒక్క చుక్క తొణక్కుండా నడిచి పెరట్లోకి పోయింది. పంపు గోడ మీద దాని ఆకుపచ్చ ప్లాస్టిక్ గ్లాసు ఉంటుంది. స్టీలు గ్లాసులో నీళ్లు అందులోకి పోసుకుని తాగింది. స్టీలు గ్లాసును సబ్బుతో తోమి, మూడుసార్లు కడిగి, వంటింటి గడప బయట బోర్లించి, వచ్చి తన చోట కూర్చుంది.

మా ఇంట్లో ఎవరికీ అందులో వింత కనబడలేదు. ఎనిమిది నెలలుగా చూస్తున్నదే. మేం అన్నీ నేర్పాం గానీ అది నేర్పాలని మాకు తోచలేదు. భారతి కాగితం మీద పెన్ను చప్పుడు ఆగింది కాబట్టి నేను తలెత్తాను. ఆమె గడప దగ్గరి గ్లాసును చూస్తోంది.

ఆమె దాని గురించి ఏమీ అడగలేదు. "పాపా, మాతో నెల్లూరు దాకా వస్తావా?" అంది.

"నేను పనేం చేయను మేడం" అంది రజిని. "నేను సెలవులకొచ్చినా." జీపు ఎక్కేదాకా అదే చెప్పింది. ఎక్కాక కిటికీలోంచి కూడా చెప్పింది.

భారతి నోటుబుక్కు తీసుకుని వెళుతూ వాకిట్లో నా దగ్గర ఆగింది. "ట్యూషన్ చెప్పింది నువ్వేనా?"

తలూపాను.

"గ్లాసు సంగతి నేను రాసినా ఎవరూ లెక్కలోకి తీసుకోరమ్మా. కాగితం మీద ఈ నోటుబుక్కే ఉంటుంది. పని చేసిందని తేలితే రెసిడెన్షియల్ బడిలో చేర్పిస్తాం, చదువు అయ్యేదాకా చూసేవాళ్లుంటారు. సెలవులకొచ్చిందని తేలితే వాళ్ల నాన్నకు అప్పజెప్పి పంపించెయ్యాల్సిందే. మళ్లీ ఏ ఇంటికి పోతుందో." నా జవాబు కోసం ఆగలేదు. జీపెక్కింది.

"ఎవురు చెప్పినారు?" ఆ రోజంతా మా ఇంట్లో అదే మాట. రజిని సంగతి ఎవరూ ఎత్తలేదు. అవ్వ మాత్రం సాయంత్రం, "దానికి చీకటంటే భయం" అని ఒకసారి అంది.

నాలుగింటికి లిదియమ్మ బజారు నుంచి వచ్చేసరికి నాయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"టీచరమ్మా, వారంలో గది ఖాళీ చెయ్యాల."

"నేనేం చేసినా పెంచలనరసింహం గారూ?"

"ఏం చేసినారో మీకు తెలుసు."

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. వసారాలో ఖాళీ గోనెపట్టా చూసింది. "నేను ఫోన్ చెయ్యలేదు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "చేసుండాల్సింది. గది పోతాదని చెయ్యలేదు. ఇప్పుడు గది ఎట్టాగూ పాయ" అంది. నా వైపు తిరిగింది. "అనుపమా, నువ్వు రోజంతా ఈడనే గదా కూర్చునేది. నువ్వు చెప్పు, నేనెప్పుడన్నా ఎవరితోనన్నా మాట్లాడినానా?"

నేను రోజూ చూశాను. ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మాట చెప్పకుండా నేను మెట్ల వైపు చూస్తూ నిలబడ్డాను. ఐదోరోజు ఆమె ఖాళీ చేసింది. ఆటోలోకి సామాను అందించాను. "వద్దులే" అని ఆమె నా చేతిలో బిందె తీసుకుంది.

విచారణకు నెల్లూరు రమ్మని బాలల సంక్షేమ కమిటీ నుంచి కాగితం వచ్చింది. నాయనకు, మస్తానయ్యకు, నాకు. ముందురోజే మస్తానయ్య ఆత్మకూరు వచ్చి మా వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మనిషి సగమైపోయాడు.

"అయ్యా, నా బిడ్డని ఏం చేస్తారు వాళ్లు? ఇట్టా పట్టకపొయిన పిల్లోళ్లని బొంబాయికి పంపిస్తారని బస్సులో ఒకాయన చెప్పినాడు."

"అందుకే చెప్తా ఉండా" అన్నాడు నాయన. "సదువు కోసం సెలవుల్లో పంపినా అను. సంతకం పెట్టు. పిల్లని నీకిచ్చేస్తారు. తర్వాత సంగతి తర్వాత."

"తర్వాత మళ్లీ మీ ఇంటికేనా అయ్యా?"

"చూద్దాంలే" అన్నాడు నాయన.

బాలల సంక్షేమ కమిటీ అంటే ఏదో కోర్టులా ఉంటుందనుకున్నాను. ఒక పొడుగు బల్ల, నలుగురు కూర్చున్నారు, గోడకు బొమ్మల చార్టులు. మధ్యలో ఉన్న పెద్దాయన ముందు మా నోటుబుక్కు ఉంది. రజినిని తీసుకొచ్చారు. రెండు జడలు, కొత్త గౌను. అది ముందు వాళ్ల నాయన్ని చూడలేదు. నన్ను చూసింది.

పెద్దాయన నెమ్మదిగా అడిగారు. రజిని తడుముకోకుండా చెప్పింది. సెలవులకొచ్చింది. చదువుకుంది. అంట్లు తోమలేదు. విస్తళ్లు కుట్టడం దానికి రాదు. రెండువారాలుగా దాన్ని ఉంచిన పిల్లల హోములో ఎంతమంది ఎన్ని విధాలుగా అడిగినా ఇదే చెప్పిందట. మస్తానయ్య, "అవునయ్యా, సదువుకే పంపినా" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"ఏమ్మా," అన్నారు పెద్దాయన నాతో. "ఏప్రిల్ ఇరవై ఐదు నుంచి రోజూ చెప్పావన్నమాట. ఇక్కడ సంతకం పెడితే పాపను వాళ్ల నాన్నకు అప్పజెప్తాం. ట్యూషన్ కోసమేగా వచ్చింది?"

వెనక తలుపు దగ్గర నాయన ఉన్నాడు. ఆయన దగ్గు నాకు తెలుసు. ఒకసారి దగ్గాడు. నేను రజిని వైపు చూశాను. అది పెదవులు కదుపుతోంది. శబ్దం రాకుండా, నేను మరిచిపోయానేమోనని, నాకు జవాబు అందిస్తోంది. సెలవులకొచ్చింది. సదువుకుంది. సెలవులకొచ్చింది.

"ఆ తేదీలన్నీ మే నెలలో రెండు మధ్యాహ్నాల్లో వేసినవండీ" అన్నాను. "నేనే వేశాను. దసరా నుంచి మా ఇంట్లో పని చేసింది."

"అబద్ధం సార్!" రజిని గట్టిగా అరిచింది. "అక్క అబద్ధం చెప్తా ఉండాది! నేను పనేం చేయలేదు! మా నాయన పంపలేదు!"

హోము ఆయా దాన్ని పట్టుకుంది. మస్తానయ్య గోడకు చేరగిలబడి కింద కూర్చుండిపోయాడు. నాయన బయటికి వెళ్లిపోయిన చప్పుడు నాకు వినబడింది.

కాగితాలన్నీ అయ్యాక వరండాలో నాయన భారతి దగ్గరకు వెళ్లాడు. "ఇప్పుడన్నా చెప్పండమ్మా. మా ఇంట్లో పిల్ల ఉండాదని మీకు ఎవురు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదండీ" అంది ఆమె. "వాళ్ల ఊరి బడి రిజిస్టరులో పేరు ఉంది, పిల్ల లేదు. అయ్యవారు పోయి అడిగితే మస్తానయ్యే చెప్పాడు, నా బిడ్డ ఆత్మకూరులో పెంచలనరసింహం గారింట్లో సుఖంగా ఉందని."

మస్తానయ్య అక్కడే ఉన్నాడు. "నిజమే గదమ్మా" అన్నాడు. "ఊర్లో అందరికీ అదే చెప్పినా."

నాయన మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. లిదియమ్మ పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మా మీద కేసయింది. ఆకు మూటలు రావడం ఆగింది. నాయన నాతో నేరుగా మాట్లాడటం మానేశాడు. "మీ అక్కకి చెప్పు" అని మోహన్‌తో అనేవాడు, నేను పక్కనే ఉన్నా. నేను గదిలోకి వస్తే మాటలు ఆగేవి. నా ఫోన్ మోగితే ఎవరని అమ్మ అడిగేది, చెప్పాక ఒక క్షణం నా ముఖం చూసేది. బయట ఎవరి మీదా అనుమానం లేకపోయేసరికి అది అంతా నా మీదికే తిరిగింది. "చెప్పేదానివి ఇంట్లో ఒక మాట చెప్పి పోయుంటే?" అని అవ్వ ఒకసారి అడిగింది. ఇంట్లో చెప్పి ఉంటే నేను నెల్లూరు పోయేదాన్నే కాదని ఆమెకూ తెలుసు.

రజినిని నెల్లూరు దారిలో ఒక బాలికల రెసిడెన్షియల్ బడిలో చేర్చారు. ఆగస్టులో రెండో శనివారం, చూడటానికి రానిచ్చే రోజని తెలిసి పొద్దున్నే పోయాను. ఇంట్లో చెప్పే పోయాను.

మూడుసార్లు పిలిస్తే వచ్చింది. నాలుగడుగుల దూరంలో నిలబడింది. కొంచెం ఒళ్లు చేసింది. నేను తెచ్చిన బొరుగుండల పొట్లం విప్పి ఇస్తే, ఒకటి తీసి పక్కనున్న పిల్లకిచ్చి, అది తినేదాకా చూసింది. తర్వాత కూడా తాను తినలేదు.

"మా నాయన యాడుండాడు?"

"ఊర్లోనే."

"జైల్లో లేడా?"

"లేడు రజినీ. మొదటిసారికి తల్లిదండ్రుల్ని ఏమీ చెయ్యరంట. భారతి మేడం గూడా నీకు చెప్పింది గదా."

"మేడం చెప్పింది. వార్డెన్ మేడం చెప్పింది. నువ్వూ చెప్తా ఉండావు." అది బొటనవేలితో మట్టిని గీస్తోంది. "మరి చూసేదానికి రాడేంది? అందరి నాయన్లు వస్తా ఉండారు."

మస్తానయ్య ఎందుకు రాలేదో నాకు తెలుసు. బడి గేటు దగ్గర పోలీసులు పట్టుకుంటారని ఆయన భయం. ఆ మాట దీనితో ఎట్లా చెప్పను?

"జైల్లో ఏస్తారని నాకు చెప్పింది ఎవురు?" అంది రజిని.

"నేనే."

"అది అబద్ధమా?"

"అబద్ధమే."

"మరి ఇది నిజమని నేనెట్టా నమ్మేది?"

పక్కపిల్ల రెండో ఉండ తీసుకుని మా ఇద్దర్నీ చూస్తోంది.

"గేటు ఎన్నింటికి మూస్తారు?" అని అడిగాను.

"ఐదింటికి."

అప్పుడు తొమ్మిదిన్నర. రోడ్డు మీదకు వచ్చి ఉదయగిరి బస్సెక్కాను. ఒంటిగంటకు చెరువు కట్ట కింద దిగాను. మస్తానయ్య గుడిసె ముందు వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని కట్ట మీదికి చూశాడు.

"రజిని నిన్ను చూడాలంట. ఈరోజే" అన్నాను.

"వద్దమ్మా. సంతకమని పిలిపిస్తారు, ఆడ ఇంకేందో ఉంటాది."

"ఏమీ ఉండదు."

"మీ నాయన గూడా అట్నే చెప్పినాడు."

"చెప్పినాడు. నేనూ చెప్పినా. నన్ను నమ్మబాక మస్తానయ్యా. గేటు కాడ దూరంగా నిలబడు. పోలీసోళ్లు కనబడితే వెనక్కి తిరుగు, నేను ఆపను."

ఆయన వలలో ముడులు లెక్కపెడుతున్నట్టు చూశాడు. తర్వాత లోపలికి పోయి చొక్కా తెచ్చుకున్నాడు. పొద్దున ఉతికిందేమో, ఇంకా తడిగా ఉంది. అదే తొడుక్కున్నాడు.

నెల్లూరు బస్సెక్కాం. ఆత్మకూరు బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగింది. మా వీధి మలుపు కనబడుతోంది. ఇంటికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెబితే అమ్మ, "ఎవురితో ఉండావు?" అంది. "మస్తానయ్యతో" అన్నాను. అమ్మ ఫోన్ పెట్టేసింది.

నాలుగుంపావుకు బడి దగ్గర దిగాం. మస్తానయ్య రోడ్డుకు అవతలే నిలబడి గేటును, గేటు దగ్గర బల్ల మీది వాచ్‌మన్‌ను, పక్కనున్న బంకును చూశాడు. చివరికి దాటాడు.

రజిని గేటు లోపల నిలబడి ఉంది. పొద్దున నిలబడ్డ చోటే. పరిగెత్తుకు రాలేదు. దగ్గరకు వచ్చాక వాళ్ల నాయన ముఖం చూసింది, చొక్కా చూసింది, రెండు చేతులూ పట్టుకుని మణికట్లు తిప్పి తిప్పి చూసింది. మస్తానయ్య అది ఎందుకు చూస్తోందో తెలియకపోయినా చేతులు దానికి వదిలేశాడు.

"తడి చొక్కా ఏసుకున్నావేంది?" అంది.

"టైము లేదులేమ్మా" అన్నాడు ఆయన.

అది ఆయన చేయి వదలకుండానే గోడ పక్కన సిమెంటు తిన్నె మీద కూర్చుంది. ఆయన్ని కూర్చోబెట్టింది. నేను వెళ్లాలా ఉండాలా తెలియక నిలబడ్డాను.

"నువ్వు గూడా కూర్చో" అంది రజిని నాతో. కూర్చున్నాను. కళ్లు చికిలించి నన్నే చూస్తూ, "ఇంకా ఏమేం అబద్ధాలు చెప్పినావో అయ్యి గూడా చెప్పు" అంది.

గేటు మూయడానికి ఇంకా అరగంట ఉంది. మొదటి నుంచి మొదలుపెట్టాను.